ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ నీట్: 348 దగ్గర ఆగిపోయాను, మానేసి లాంగ్ టర్మ్‌లో చేరాలా?

కళ్యాణదుర్గం_బైపీసీ (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నాకు 23 ఏళ్లు. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, అనంతపురంలో ఇంటర్ బైపీసీ కూడా తెలుగు మీడియమే. ఇంటర్ అయిన ఏడాదే నీట్ రాస్తే 231 వచ్చాయి. లాంగ్ టర్మ్‌కి, అంటే ఏడాది పాటు కోచింగ్‌కి, పంపే స్తోమత ఇంట్లో లేదు. నాయన వేరుశనగ పెట్టాడు, ఆ ఏడాది, తర్వాతి ఏడాది కూడా పెట్టుబడి తిరిగి రాలేదు. నేను బీఎస్సీ ఎంఎల్‌టీలో (ల్యాబ్ టెక్నాలజీ) చేరాను. ఇప్పుడు రెండేళ్లుగా బెంగళూరులో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో చేస్తున్నాను. ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తీసే పని. ఉండేది మారతహళ్లిలో పీజీలో.

పొద్దున 5:30కి స్కూటీ తీస్తాను. ఫాస్టింగ్ శాంపిళ్లు కదా, అందరికీ కాఫీ తాగకముందే నేను వాళ్ల ఇంట్లో ఉండాలి. కుందలహళ్లి, బ్రూక్‌ఫీల్డ్, ఏఈసీఎస్ లేఅవుట్, రోజుకు 14 నుంచి 18 ఇళ్లు. పదిన్నరకి ల్యాబ్‌కి చేరి బార్‌కోడ్లు సరిచూసి, ట్యూబులు సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి, డ్యూటీ దిగేసరికి రెండవుతుంది. అన్నం తిని పడుకుంటే ఐదింటికి లేస్తాను. ఆరు నుంచి పదిన్నర దాకా చదువు. నెలకు రెండు ఆదివారాలు డ్యూటీ. జీతం 24 వేలు, ఇంటికి 9 వేలు పంపుతాను.

మళ్లీ నీట్ ఎందుకే అని అమ్మ అడిగింది. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక తాత ఉన్నాడు. నెలనెలా ఆయన శాంపిల్ నేనే తీస్తాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4 ఉండేది 1.9 అయింది, తర్వాత 2.3 అయింది. రిపోర్టు చేతిలో పట్టుకుని "పెరిగిందా తగ్గిందా అమ్మా, నీకు తెలిసే ఉంటుంది కదా" అంటాడు. "డాక్టర్‌గారికి చూపించండి తాతా" అనడం తప్ప నేనేమీ చెప్పకూడదు. చెప్పడానికి నాకు అర్హత లేదు. మూడోసారి ఆ మాట అన్న రోజు సాయంత్రమే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కొన్నాను. గరిష్ఠ వయసు పరిమితి 2022లోనే తీసేశారని తెలుసు, అప్పట్లో అది నా కోసం కాదనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఏప్రిల్ నుంచి చదువుతున్నాను. ఆన్‌లైన్‌లో ఒక టెస్ట్ సిరీస్ కొని, జిరాక్స్ షాపులో ఓఎంఆర్ షీట్లు (జవాబుల గుండ్రాలు నింపే కాగితాలు) తీయించుకుని రాస్తున్నాను. పోయిన ఆదివారం రాసిన గ్రాండ్ టెస్ట్ లెక్క ఇది. బయాలజీ 90లో 68 రైటు, 14 తప్పు, 8 వదిలేశాను. కెమిస్ట్రీ 45లో 21 రైటు, 13 తప్పు, 11 వదిలేశాను. ఫిజిక్స్ 45లో 9 రైటు, 17 తప్పు, 19 వదిలేశాను. 258, 71, 19. మొత్తం 720కి 348. జూన్‌లో 341, జులైలో 352. ఎన్ని టెస్టులు రాసినా ఇక్కడిక్కడే తిరుగుతున్నాను.

ఇంకో బాధ. నేను రోజూ చేసే పని మీద వచ్చిన ప్రశ్నలే తప్పుతున్నాయి. తెల్ల రక్తకణాలు ఎన్ని అంటే కళ్లు మూసుకుని 4,000 నుంచి 11,000 అని పెట్టాను. తప్పన్నారు. ఆ రోజు చాలాసేపు పుస్తకం తెరవలేకపోయాను.

ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు రిపీటర్స్ బ్యాచ్‌కి హాస్టల్‌తో కలిపి లక్షా ఎనభై వేలు చెప్పారు. నా దగ్గర 70 వేలు ఉన్నాయి. మే నెలకి ఇంకా తొమ్మిది నెలలు. ఉద్యోగం మానేసి అప్పు చేసి చేరాలా, ఇలాగే చదవాలా? ఫిజిక్స్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? బెంగళూరులో రాస్తే తెలుగు ప్రశ్నపత్రం ఇస్తారా? తెలిసిన అక్కలు, అన్నలు చెప్పండి.


చింతామణి_హౌస్‌సర్జన్ (బెంగళూరు)

చెల్లీ, నేను విక్టోరియా ఆస్పత్రిలో హౌస్ సర్జన్‌ని. మాది చింతామణి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, పీయూసీలోకి వచ్చాక ఇంగ్లిష్. నువ్వు రాసింది రాత్రి డ్యూటీలో చదివాను, వెంటనే రాసే వీలు లేక ఇవాళ రాస్తున్నాను. నాకూ రెండోసారికే వచ్చింది.

ఉద్యోగం సంగతి చివర చెబుతాను. ముందు నీ లెక్క చూడు. నువ్వు 142 ప్రశ్నలకు జవాబు పెట్టావు, 44 తప్పు పోయాయి. దాదాపు మూడింట ఒకటి. తప్పు పెట్టిన ప్రతి ప్రశ్నకీ ఒక మార్కు పోవడమే కాదు, రావలసిన నాలుగూ పోతాయి. కాబట్టి ఒక తప్పు సరిదిద్దుకుంటే ఐదు మార్కులు. కొత్త చాప్టర్ ఒకటి చదివి నాలుగు మార్కులు తెచ్చుకోవడం కన్నా, తెలిసిన చోట పోతున్న ఐదు ఆపుకోవడం తేలిక. నువ్వు మూడు నెలలుగా కొత్త చాప్టర్లు చదువుతున్నావు, తప్పుల వైపు చూడలేదు. అందుకే 341, 352, 348.

నీకు తెలిసిన పనితోనే చెబుతాను. శాంపిల్ హీమోలైజ్ అయితే, అంటే తీసేటప్పుడు ఎర్ర కణాలు పగిలిపోతే, పొటాషియం ఎక్కువ చూపిస్తుంది. అదే ట్యూబును మెషీన్‌లో నాలుగుసార్లు పెడితే నాలుగుసార్లూ ఎక్కువే వస్తుంది. మెషీన్ మంచిదే. తప్పు సూది దగ్గర జరిగింది, మళ్లీ గుచ్చి తీయాలి. ల్యాబ్‌లో తప్పులు ఎక్కువగా శాంపిల్ మెషీన్ దాకా రాకముందే జరుగుతాయని నీకు నేను చెప్పక్కర్లేదు. పరీక్షలోనూ అంతే. జ్ఞాపకం, తెలివి అనే మెషీన్ దాకా ప్రశ్న సరిగ్గా చేరకముందే తప్పు జరిగిపోతుంది. దాన్ని కనిపెట్టకుండా వారం వారం గ్రాండ్ టెస్ట్ రాయడం హీమోలైజ్ అయిన ట్యూబును మళ్లీ మళ్లీ పెట్టడమే.

అందుకని ఈ ఆదివారం కొత్త టెస్టు రాయకు. ఆ 44 తప్పుల్నీ ఒక్కొక్కటే తీసి, పక్కన కారణం రాయి. ప్రశ్న సరిగా చదవలేదా, పుస్తకంలో ఒకటి ఉంటే నీకు తెలిసింది ఇంకొకటా, పద్ధతి తెలిసి లెక్క తప్పిందా, ఏమీ తెలియక గుడ్డిగా పెట్టావా. ఈ నాలుగే. "అజాగ్రత్త" అని మాత్రం రాయకు, ఆ మాటతో ఏదీ బాగుపడదు. మీ ల్యాబ్‌లో పొద్దున్నే విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ రన్ చేసి చార్టులో చుక్క పెడతారు కదా, అలా ప్రతి టెస్టు తర్వాత ఈ నాలుగు అంకెలూ గోడ మీద కాగితంలో పెట్టు. మొత్తం మార్కు చూసి ఏడవకు, ఏ గీత పైకి పోతోందో చూడు.

నాకు మొదటిసారి, 2019లో, పోయింది మొదటి రకంలోనే. కన్నడలో చదివిన పిల్లని, ఇంగ్లిష్ వాక్యం చివరిదాకా చదివే ఓపిక ఉండేది కాదు. "కింది వాటిలో సరికానిది ఏది" అన్నచోట మొదటి సరైన వాక్యం కనిపించగానే పెట్టేసేదాన్ని. బయాలజీలోనే అలా ఎనిమిదో తొమ్మిదో పోయాయి. రెండోసారికి ఒక అలవాటు చేసుకున్నాను. కాదు, సరికానిది, తప్ప అనే అర్థం వచ్చే మాట కనిపిస్తే పెన్నుతో దాని చుట్టూ గుండ్రంగా గీసి, ఆ తర్వాతే జవాబులు చదవడం. బుక్‌లెట్ మీద గీసుకోవచ్చు, ఓఎంఆర్ మీద మాత్రం గీత పడకూడదు. రెండు వాక్యాలిచ్చి ఏది నిజం అని అడిగేవి, జతపరచమనేవి వచ్చినప్పుడు ఒక్కొక్క వాక్యం పక్కనే రైటో తప్పో వేసుకుంటూ పోయేదాన్ని. ఇంకోటి, మొదటిసారి బబ్లింగ్ అంతా చివరికి పెట్టుకున్నాను. పది నిమిషాల్లో యాభై దాకా నింపుతూ ఒక వరస కిందికి జరిగిపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది. పేజీ అయిపోగానే ఆ పేజీ జవాబులు నింపెయ్.

తెల్ల కణాల ప్రశ్న గురించి. నీ జవాబు చదివి నాకు మనసు చివుక్కుమంది, ఎందుకంటే నీకు తెలిసింది అబద్ధం కాదు. ల్యాబ్ రిపోర్టులో ఉండేది రిఫరెన్స్ రేంజ్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 95 శాతం మంది ఆ హద్దుల్లో ఉంటారని అర్థం. ఎన్‌సీఈఆర్‌టీ చెప్పేది సగటు. క్యూబిక్ మిల్లీమీటరుకు 6,000 నుంచి 8,000. ప్లేట్‌లెట్లు మీ రిపోర్టులో 4.5 లక్షల దాకా ఉంటాయి, పుస్తకంలో 3.5 లక్షల దాకానే. న్యూట్రోఫిల్స్ మీకు 40 నుంచి 75 శాతం, పుస్తకంలో 60 నుంచి 65. హిమోగ్లోబిన్ మీకు ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు, పుస్తకంలో 100 మిల్లీలీటర్లకు 12 నుంచి 16 గ్రాములు అని ఒకటే. పేపర్ పెట్టేవాళ్లు పుస్తకం చూసి పెడతారు. నువ్వు చేయాల్సిందల్లా రక్తం, మూత్రపిండాలు, శ్వాసక్రియ, హార్మోన్ల పాఠాల్లో కనిపించిన ప్రతి అంకె పక్కనా పెన్సిల్‌తో మీ ల్యాబ్ అంకె రాసి, దాన్ని కొట్టేయడం. నెలకోసారి ఆ పేజీలు మాత్రం చదువు. వైద్య కళాశాలకు వచ్చాక ఆ కొట్టేసిన అంకెలే నీకు అన్నం పెడతాయి.

ఇక టైము. 2025 నుంచి మళ్లీ 180 ప్రశ్నలూ రాయాల్సిందే, 180 నిమిషాలు. మధ్యలో కొన్నేళ్లు 200 ఇచ్చి 180 రాయమనే వెసులుబాటు ఉండేది, ఇప్పుడు లేదు. పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5. నువ్వు సరిగ్గా ఆ మూడు గంటలూ నిద్రపోతున్నావు! రెండేళ్లుగా నీ ఒళ్లు ఆ టైములో పడుకోవడానికి అలవాటు పడిపోయింది. డ్యూటీ ఉన్న రోజు పడుకో, తప్పదు. డ్యూటీ లేని ఆదివారం మాత్రం ఏ టెస్టు రాసినా 2 గంటలకే కూర్చో. ఫిబ్రవరి నుంచి వారంలో ఇంకో రెండు రోజులు ఆ టైముకి మేలుకుని ఉండేలా చూసుకో. నిద్ర తగ్గించి చదువుతానని మాత్రం అనుకోకు. పొద్దున్నే ఎవరి చేతికో సూది గుచ్చే పిల్లవి నువ్వు.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. నా రిపీటర్స్ బ్యాచ్‌లో అప్పు చేసి వచ్చినవాళ్లు ముగ్గురున్నారు. ప్రతి టెస్టు మార్కునీ వడ్డీతో కలిపి లెక్కేసుకునేవాళ్లు, వాళ్లకు ఫిజిక్స్ చదివే మనసు మిగిలేది కాదు. డిసెంబరు ఆఖరుకి వరసగా మూడు టెస్టుల్లో 450 దాటితే, జనవరి జీతం తీసుకుని మానెయ్. అప్పటికి నీ 70 వేలు లక్ష అయి ఉంటాయి, మూడు నెలలకి సరిపోతాయి. నా పరీక్ష 2020లో మే 3 నుంచి జులై 26కి, అక్కడి నుంచి సెప్టెంబరు 13కి జరిగింది. ఆ నాలుగు నెలలు ఇంట్లో అన్నం ఉంది కాబట్టి నేను తట్టుకున్నాను. చేతిలో కొంచెం డబ్బు ఉంచుకో.


సూళ్లూరుపేట_కుర్రాడు

అక్క చెప్పినదాంట్లో ఒక్కదానితో నేను ఒప్పుకోను. జనవరి దాకా ఆగడం ఆలస్యమే.

నేను చెన్నై పెరంబూరులో ఒక మందుల షాపులో చేస్తూ చదివాను. సూళ్లూరుపేట నుంచి రోజూ లోకల్ రైలు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, సీటు దొరికితే కెమిస్ట్రీ, నిలబడితే బయాలజీ. మొదటి ఏడాది చివరిదాకా ఉద్యోగం వదల్లేదు, 402 దగ్గర ఆగిపోయాను. బయాలజీ రైల్లో కూడా వస్తుంది. ఫిజిక్స్ రాదు. దానికి బల్ల, కాగితం, పక్కన ఎవరూ పిలవని మూడు గంటలు కావాలి. రెండో ఏడాది డిసెంబరులోనే మానేశాను. ఇప్పుడు ఆంధ్రాలో ఎంబీబీఎస్ రెండో ఏడాది. నీకు ఫిజిక్స్‌లో 19 వస్తున్నాయి కాబట్టి చెబుతున్నాను, కనీసం ఐదు నెలలు పూర్తిగా ఖాళీగా ఉంచుకో. లక్షా ఎనభై వేలు కట్టొద్దు, అందులో అక్క మాటే నా మాట. మారతహళ్లి చుట్టుపక్కల నెలకింత అని కట్టే రీడింగ్ రూములు ఉంటాయి. పీజీలో ముగ్గురితో కలిసి చదవడం కన్నా అది నయం.

తెలుగు పేపర్ గురించి నువ్వు అడిగింది చాలా ముఖ్యం, ఎవరూ చెప్పలేదు. పరీక్ష 13 భాషల్లో ఉంటుంది, నిజమే. కానీ ప్రాంతీయ భాష బుక్‌లెట్ ఆ భాష రాష్ట్రంలోని సెంటర్లలోనే ఇస్తారు. తెలుగు ఆంధ్రా, తెలంగాణల్లో మాత్రమే. బెంగళూరు సెంటర్ పెట్టుకుంటే ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ, కన్నడ వస్తాయి, తెలుగు రాదు. నేను చెన్నై పెడితే తెలుగు ఎంపికే కనిపించలేదు, మళ్లీ మొదటి నుంచి నింపాను. నువ్వు అనంతపురం పెట్టుకో. తెలుగు బుక్‌లెట్‌లో పక్కనే ఇంగ్లిష్ కూడా ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌దే చెల్లుతుంది. నేనైతే ఇంగ్లిష్ చదివి, అర్థం కాని వాక్యానికి మాత్రం తెలుగు వైపు చూశాను. అక్క చెప్పిన "సరికానిది" గొడవ నాకు అలా తీరింది.

కౌన్సెలింగ్ విషయం కూడా ఇప్పుడే తెలుసుకో. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నంత మాత్రాన కర్ణాటక కోటా రాదు, వాళ్లు అక్కడ చదివిన ఏళ్లు చూస్తారు. ఇంటర్ దాకా అనంతపురంలో చదివావు కాబట్టి ఆంధ్రాలో నువ్వు లోకల్. ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం ఆలిండియా కోటాకి పోతాయి, మిగతావి రాష్ట్రం నింపుతుంది. విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ఆ కౌన్సెలింగ్ చేస్తుంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకో. ఫలితాలు వచ్చాక మా బడిలో సార్ సెలవులో ఉంటే నేను మూడు రోజులు గేటు దగ్గర కూర్చున్నాను.


రిటైర్డ్_ఫిజిక్స్_లెక్చరర్ (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

తల్లీ, ముప్పై ఏళ్లు తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి, ఇప్పుడు మా అమ్మాయి దగ్గర వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. నా శాంపిల్ కూడా నీలాంటి పిల్లే వచ్చి తీసుకుపోతుంది. కాబట్టి నీ ప్రశ్న నాకు సొంత ఇంటి ప్రశ్నలా ఉంది.

బైపీసీ పిల్లలు ఫిజిక్స్ అనగానే సూత్రాల పట్టీ ఒకటి రాసుకుని బట్టీ పడతారు. పరీక్షలో ఏ సూత్రం ఎక్కడ వాడాలో తెలియదు, గుడ్డిగా పెడతారు. నీ 17 తప్పుల్లో ఎక్కువ అలాంటివే అయి ఉంటాయి. నువ్వు అలా చేయక్కర్లేదు, ఎందుకంటే ఫిజిక్స్ నీ చేతుల్లో ముందే ఉంది.

రోజూ సెంట్రిఫ్యూజ్ తిప్పుతావు కదా. 3,000 ఆర్‌పీఎం అనుకో. నిమిషానికి 3,000 చుట్లంటే సెకనుకు 50. ఒక చుట్టు రెండు పై రేడియన్లు, కాబట్టి కోణీయ వేగం ఒమేగా సెకనుకు 314 రేడియన్లు. రోటర్ మధ్య నుంచి ట్యూబు అడుగు దాకా 10 సెంటీమీటర్లు, అంటే 0.1 మీటరు. ఒమేగా వర్గాన్ని వ్యాసార్థంతో గుణిస్తే ట్యూబు అడుగున త్వరణం సుమారు 9,860. గురుత్వ త్వరణం 9.8తో భాగించు. వెయ్యి రెట్లు! అరగంట నిలబెడితే నెమ్మదిగా విడిపోయే రక్తం పది నిమిషాల్లో ఎందుకు విడిపోతుందో ఆ వెయ్యి చెబుతుంది. వృత్తాకార చలనం మీద ప్రశ్న వస్తే ఇక నీకు సూత్రం గుర్తు రానక్కర్లేదు, మెషీన్ గుర్తొస్తే చాలు. ఆర్‌పీఎం రెట్టింపు చేస్తే బలం నాలుగు రెట్లు ఎందుకవుతుందో కూడా అక్కడే ఉంది.

ఎర్ర కణాలు ఎంత త్వరగా కిందికి దిగుతాయో తెలియడానికి ఈఎస్ఆర్ ట్యూబు నిలబెట్టి గంట తర్వాత చూస్తావు. అది టెర్మినల్ వెలాసిటీ పాఠం. కింద పడే వేగం కణం వ్యాసార్థం వర్గానికి అనులోమంగా ఉంటుంది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఫైబ్రినోజన్ పెరిగి ఎర్ర కణాలు నాణేల దొంతరలా అతుక్కుంటాయి, దొంతర పెద్దది కాబట్టి త్వరగా దిగుతుంది, ఈఎస్ఆర్ పెరుగుతుంది. స్టోక్స్ నియమం చెప్పేటప్పుడు నూనెలో గోలీ వేసి చూపించేవాణ్ని, నీ ఉదాహరణ నా దానికన్నా మంచిది. గ్లూకోజ్ పరీక్షకు 505 నానోమీటర్ల ఫిల్టర్ వాడతారు. ఫోటాన్ శక్తి సూత్రంలోని స్థిరాంకం 1240ని 505తో భాగిస్తే ఒక్కొక్క ఫోటాన్ శక్తి 2.46 ఎలక్ట్రాన్ వోల్టులు. ఫోటోఎలక్ట్రిక్ లెక్కల్లో సగం ఈ ఒక్క భాగహారమే. ఆ కాంతిని అవతల పట్టుకునేది ఫోటోడయోడ్, అది సెమీకండక్టర్ పాఠం. సూక్ష్మదర్శినిలో 10, 40 గుణిస్తే 400 ఎందుకు అవుతుందో రే ఆప్టిక్స్‌లో ఉంది.

ఈ పాఠాలతోనే మొదలుపెట్టు. ద్వంద్వ స్వభావం, పరమాణువులు, కేంద్రకాలు, సెమీకండక్టర్లు, తర్వాత ప్రవాహ విద్యుత్తు, రే ఆప్టిక్స్, ఉష్ణగతికం, ప్రమాణాలు. అక్టోబరు ఆఖరుకి ఇవి చాలు. భ్రమణ చలనం, విద్యుదయస్కాంత ప్రేరణ ఇప్పుడు ముట్టుకోకు, నిరుత్సాహపడతావు. ఒక పాఠానికి నాలుగు రోజులు. మొదటి రోజు చదువు, మిగతా మూడు రోజులు లెక్కలు, సమాధానం చూడకుండా రోజుకు పన్నెండు. ల్యాబ్‌లో కాలిక్యులేటర్ అలవాటై ఉంటుంది, పరీక్షలో ఉండదు. భాగహారాలు చేత్తోనే చేయి. జవాబులు నాలుగూ చూసి అవి దూరంగా ఉంటే సుమారు లెక్క చాలు, దగ్గరగా ఉంటేనే పూర్తిగా చేయి.

నీ లక్ష్యం 45కి 45 కాదు. 2025 పేపర్లో ఫిజిక్స్ ఎంత గట్టిగా వచ్చిందంటే దేశంలో మొదటి ర్యాంకు మార్కే 686. నువ్వు 24 రైటు పెట్టి ఐదారు తప్పులతో బయటపడితే, 90 మార్కులు. ఇవాళ్టి 19తో పోల్చి చూసుకో. ఇంకో మాట, తెలియని ప్రశ్నను వదిలేయడానికి ధైర్యం కావాలి తల్లీ, అది కూడా చదువులో భాగమే.

రోజూ సాయంత్రం ఖాళీగానే ఉంటాను. లెక్క రాకపోతే ఇక్కడే రాయి.


కళ్యాణదుర్గం_బైపీసీ

అక్కా, అన్నా, సార్, మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. డెంగీ సీజన్, ఇళ్లు రోజుకు 22 దాకా వెళ్లాయి.

ఆ ఆదివారం అక్క చెప్పినట్టే టెస్టు రాయకుండా 44 తప్పులూ తీశాను. సరిగా చదవనివి 11, బయాలజీలో 7, కెమిస్ట్రీలో 4. ల్యాబ్ అంకె వేసి పోగొట్టుకున్నవి 4, అన్నీ బయాలజీనే. లెక్క తప్పినవి 9. గుడ్డిగా పెట్టినవి 20, అందులో 12 ఫిజిక్స్, సార్ అన్నట్టే. మొదటి రెండు రకాలూ కలిపి 15, ఒక్కొక్కటి ఐదు మార్కులు, 75. గుడ్డివి వదిలేసి ఉంటే ఇంకో 20. నాకు కొత్తగా ఏమీ రాకుండానే 443 అయ్యేది. ఆ అంకె చూసి పీజీలో అందరూ ఉండగానే ఏడ్చాను, కానీ అది వేరే ఏడుపు.

నిన్న మధ్యాహ్నం 2కి కూర్చుని రాశాను. మూడున్నరకి నిద్ర ముంచుకొచ్చింది, లేచి మొహం కడుక్కుని మళ్లీ కూర్చున్నాను. 391 వచ్చాయి. సరిగా చదవనివి 5కి తగ్గాయి. గుడ్డిగా పెట్టినవి 8. ఫిజిక్స్ 41. సెమీకండక్టర్ ప్రశ్నలు రెండూ రైటు.

ఉద్యోగం గురించి అక్క మాటకీ అన్న మాటకీ మధ్యలో ఒకటి కుదిరింది. మా మేనేజర్‌గారితో మాట్లాడితే డిసెంబరు నుంచి ఇళ్లకు వెళ్లే డ్యూటీ మాత్రమే చేసి పదిన్నరకి దిగిపోవడానికి ఒప్పుకున్నారు. జీతం 15 వేలు అవుతుంది. ఇంటికి 5 వేలే పంపగలను అని నాయనకు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఆ ఐదూ పంపొద్దులే, చదువుకో" అన్నాడు. ఫిబ్రవరిలో పూర్తిగా మానేస్తాను. స్టడీ సర్టిఫికెట్లకు దసరాకి ఊరెళ్తున్నాను. సెంటర్ అనంతపురమే పెడతాను.

సార్, మా ల్యాబ్ సెంట్రిఫ్యూజ్ 3,500 ఆర్‌పీఎం. స్కేలు పెట్టి కొలిస్తే మధ్య నుంచి ట్యూబు అడుగు దాకా 12 సెంటీమీటర్లు. కాలిక్యులేటర్ లేకుండా చేస్తే 1,640 రెట్ల దగ్గర వచ్చింది. సరిపోయిందా?


రిటైర్డ్_ఫిజిక్స్_లెక్చరర్

సరిపోయింది తల్లీ. ఇప్పుడు అదే ట్యూబులో పై అంచు మధ్య నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకో. ఒకే ట్యూబు, ఒకే వేగం. అక్కడ ఎన్ని రెట్లు ఉంటుందో, కింద ఎర్ర కణాలు ఎందుకు గట్టిగా అదుముకుంటాయో రేపు రాయి. మళ్లీ మొదటి నుంచి చేయకు, నిష్పత్తి వాడు.